యయాతి కోరికయు రోగి కోరికయు

ఆంధ్ర మహాభారతము ఆదిపర్వమునందలి యయాతి కథ ఎరుగనివారు మనలో అరుదు. శుక్రాచార్యుని శాపముచే అకాలమున ముదిమి పైబడగా ఆ రాజు కొడుకుల నొక్కొక్కరిని పిలిచి వారి యౌవనమును యాచించెను. నలుగురు కాదనిరి. కడగొట్టువాడైన పూరుడు ఇచ్చెను. వయసు మళ్లినవాడు పోయిన సత్తువను మరల కోరరాదనుట ఈ కథకు తాత్పర్యమని పెద్దలు చెప్పుదురు. నాకు ఆ తాత్పర్యము పూర్తిగా రుచింపదు. యయాతి దోషము కోరుటయందు కాదు, కన్నకొడుకు సొత్తును పుచ్చుకొనుటయందు కలదని నా తలంపు. ఎవనినుండియు ఏమియు లాగుకొనక, మందుచే సత్తువ మరల వచ్చునెడల దానిని కోరుట తప్పగునా?

ఈ ప్రశ్న నేడు పురాణములను వీడి మందుల అంగళ్లకు వచ్చినది. టెస్టోస్టిరోన్ అను పురుష హార్మోను తగ్గినవారికి దానిని సూదిమందుగను, చర్మముపై పూతగను ఇచ్చుచున్నారు. దానివలన ఈస్ట్రోజెన్ కొరతయు తీరునని వైద్యులు చెప్పుదురు. ఈ రెండవ మాట వినగానే మనవారు ఉలికిపడుదురు. ఈస్ట్రోజెన్ స్త్రీలది కదా, మగవానికి అది తగ్గుట యేమి, తగ్గిన మేలే కదా యని అడుగుదురు. మా సంతపూర్ వంటి సరిహద్దు గ్రామములలో తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ నాలుగును కలిసి వినవచ్చును. నాలుగింటను మగతనమునకు మాట కలదు గాని, మగవానియందలి స్త్రీత్వమునకు గౌరవమైన మాట యొక్కటియు లేదు.

ప్రకృతి మన మాటలను లక్ష్యపెట్టదు. పురుషుని వృషణములలో పుట్టిన టెస్టోస్టిరోన్‌లో కొంత భాగమును అరోమటేస్ అను ఎంజైము కొవ్వునందును, ఎముకలయందును, మెదడునందును ఈస్ట్రడయాల్‌గా మార్చును. ఈస్ట్రోజెన్‌లలో ముఖ్యమైనది అదియే. మూలధనము తరిగిన వడ్డీ తరిగినట్లు, మొదటిది బాగుగ తగ్గినచో రెండవదియు తగ్గును. గుఱ్ఱములలో మగతనమునకు పెట్టినది పేరైన పోతుగుఱ్ఱము మూత్రమున ఈస్ట్రోజెన్ అపారముగా కలదని జోండెక్ అను శాస్త్రజ్ఞుడు 1934లో ప్రకటించినప్పుడు లోకము నివ్వెరపోయెను. ఆ మరుసటి యేడే టెస్టోస్టిరోన్‌ను వేరుపరచి, దానిని కృత్రిమముగా చేయుటయు నేర్చిరి. ఆ కృషికి సంబంధించి బ్యూటెనాంట్, రుజిచ్కాలకు 1939లో నోబెల్ బహుమానము ప్రకటింపబడెను.

అంతకంటె విచిత్రమైనది 1994లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక రోగి వృత్తాంతము. అతనికి 28 ఏండ్లు. టెస్టోస్టిరోన్ కావలసినంత కలదు. అయినను అతని దేహము ఈస్ట్రోజెన్‌ను గ్రహింపజాలదు. ఆ వయసునను అతడింకను పొడవు పెరుగుచునేయుండెను, ఎముకలు మాత్రము ముసలివాని ఎముకలవలె గుల్లబారెను. అరోమటేస్ పుట్టుకతోనే లేని మరియొకనికి టెస్టోస్టిరోన్ ఇచ్చినను ఎముకలు బాగుపడలేదు, ఈస్ట్రడయాల్ ఇచ్చినంతట బాగుపడెనని 1997లో తెలిసెను. పురుషునకు కండబలము టెస్టోస్టిరోన్ వలన వచ్చుననియు, ఈస్ట్రోజెన్ లేమిచే కొవ్వు పెరిగి కోరిక సన్నగిల్లుననియు 2013లో బోస్టన్ వైద్యుల పరిశోధన తేల్చెను. పురుషుని నిలువుగా నిలుపు ఎముకకు ఆధారము స్త్రీ పేరు పెట్టుకొన్న పదార్థమే యన్నమాట! అర్ధనారీశ్వరుని గుడిలో మ్రొక్కి యింటికి వచ్చి, తనలో స్త్రీ అంశ లేశమైనను లేదని మీసము దువ్వువాని భక్తి యెట్టిది?

ఈ మీసమువలన నిజమైన హానియు కలుగుచున్నది. కండలు పెంచువారిలో కొందరు టెస్టోస్టిరోన్ సూదులు పొడిపించుకొని, అది ఈస్ట్రోజెన్‌గా మారునను భయముచే అరోమటేస్‌ను అడ్డగించు మాత్రలు కూడ మ్రింగుదురు. రొమ్ములు పెరుగునని వారి జంకు. ఆ జంకు నిరాధారము కాదు గాని, మాత్రలు మితిమీరినచో కీళ్లు నొచ్చును, ఎముక పలుచనగును, దేనికొరకు సూది వేయించుకొనిరో ఆ కోరికయే అణగిపోవును.

ఇక ధర్మవిచారము. ముసలితనమువలన వచ్చినదానికి మందు కూడదందురు కొందరు. కంటి శుక్లము ముసలితనమువలన వచ్చునదే కదా. దానిని తీయించుకొన్న తాతగారిని యయాతి యని యెవ్వరును వెక్కిరింపరు. ఆయుర్వేదపు ఎనిమిది అంగములలో రసాయనము, వాజీకరణము అను రెండును కలవు. కాబట్టి ముదిమికి చికిత్స కోరుటయే పాపమనుట మన సంప్రదాయము కాదు. భేదము మరియొకచోట నున్నది. శుక్లము తీసినచో చూపు వచ్చుట దాదాపు నిశ్చయము. ఇక్కడ లాభనష్టములు మనిషిమనిషికి మారును. పీయూష గ్రంథియో వృషణములో చెడి హార్మోను నిజముగా అడుగంటినవానికి ఈ చికిత్స అన్నము వంటిది. దానిని సిగ్గుచే మానుకొనుట ధర్మము కాదు, మూఢత్వము. వయసుతోపాటు కొంచెము తగ్గినవాని సంగతి వేరు. అరువదియైదు దాటిన ప్రతివానికి దీనిని వాడుకగా ఇయ్యవలదని అమెరికాలోని హార్మోను వైద్యుల సంఘము 2018లో సలహా చెప్పెను. ఐదువేలకు పైగా పురుషులపై జరిగి 2023లో వెలువడిన పరీక్షలో గుండెపోటులు ఎక్కువ కాలేదు గాని, గుండె లయ తప్పుటయు, ఊపిరితిత్తులలో రక్తము గడ్డకట్టుటయు కొంత హెచ్చుగా కనబడెను. మరుసటి యేడు వెలువడిన లెక్కలలో ఎముకలు విరుగుటయు తగ్గక, హెచ్చుగానే యుండెను. ఎముక సాంద్రత పెంచు మందు వాడుచుండగా ఇట్లేల జరిగెనో ఇంకను తేలలేదు.

పడుచువారు తెలియవలసినదింకొకటి కలదు. బయటినుండి టెస్టోస్టిరోన్ వచ్చినచో దేహము తన పనిని మానివేయును, వీర్యకణములు క్షీణించును. బిడ్డలు కావలెననుకొనువాడు మగతనము పేర ఈ సూది పుచ్చుకొన్నచో తండ్రియగు యోగ్యతనే పోగొట్టుకొనవచ్చును. పూరుడు తండ్రికొరకు తన వయసు నిచ్చెను. ఇతడు ఇంకను పుట్టని కొడుకును తన కండలకొరకు ఇచ్చుచున్నాడు. యయాతి పోలిక నిజముగా తగిలినచో ఇతనికే తగులును.

పరీక్షయు ఒకనాటిది చాలదు. ఉదయమున, వేరువేరు దినములలో రెండు మారులు రక్తము చూడవలెను. మందు మొదలుపెట్టిన పిదప రక్తము చిక్కబడుచున్నదా, ప్రోస్టేట్ ఎట్లున్నదియని నడుమనడుమ విచారింపవలెను. మనవారు ఇదంతయు మానుకొని, ఊరివారెవ్వరును చూడకుండ పరపట్టణపు అంగడికి పోయి, పేరు చెప్పక సూది వేయించుకొని వచ్చుచున్నారు. వేలికి ముల్లు గ్రుచ్చుకొన్నను ఇల్లాలికి చూపువారు, దీనిని మాత్రము ఆమెకే మొట్టమొదట దాచుదురు.