వదిలిన సందులు

గళ్లు లెక్కపెట్టి కుట్టే క్రాస్ స్టిచ్‌కు గుడ్డ మీద ముందుగా గీసిన బొమ్మ ఉండదు. ఉన్నవల్లా నేతలోని గళ్లు, మన లెక్క. పువ్వులో ఒక గడి తప్పితే ఆకు కాస్త లావవుతుంది, అంతే. అంచు అలా ఊరుకోదు, చుట్టూ తిరిగొచ్చి తన మొదటి కుట్టును కలుసుకోవాలి. అంగుళానికి 14 గళ్ల గుడ్డలో పది అంగుళాల పక్కకు 140 గళ్లు. ఎనిమిది గళ్ల తీగ 17 సార్లు పట్టి నాలుగు గళ్లు మిగులుతాయి. అందుకే మూల నుంచి కాక పక్క నడుమ నుంచి మొదలుపెడితే మేలు. మిగిలినవి మూలకు రెండేసి పోతాయి, అక్కడో చుక్క పెట్టుకోవచ్చు.

గుర్రంకొండలో మా వీధి అవ్వ దగ్గర ఆ పువ్వుల చుట్టూ వేసే సన్నటి గీత అంచు నేర్చుకుంటున్నాను. రన్నింగ్ స్టిచ్‌లాగా ఒక గడి పైన, ఒక గడి కింద పోవాలి. చివరిదాకా పోయి అదే దారిన వెనక్కి వస్తే వదిలినవన్నీ నిండుతాయి. పోయేటప్పుడు అది గీతలాగే ఉండదు. ఆ ఖాళీలు చూస్తే చెయ్యి ఆగదు, పూడ్చాలనిపిస్తుంది.

"ఇప్పుడే పూడిస్తే తిరిగొచ్చేటప్పుడు యాడ కుడతావు పాపా?" అంటుంది అవ్వ.

ధార్వాడ వైపు కసూతి పనిలో దీన్ని గవంతి అంటారు. ముడి వేయరు, గుడ్డ రెండు వైపులా ఒకేలా ఉంటుంది. కష్టమంతా కొమ్మ చీలే చోటే. దాని కొసదాకా ఇప్పుడే పోయి రావాలా, రాకడకు వదలాలా? ఒక్క కొమ్మ మరిచినా దారానికి ఇంటిదారి ఉండదు. ముందుకు వేసే ప్రతి కుట్టులోనూ వెనక్కి వచ్చే దారి ఆలోచించుకోవడం నాకు ఈ వయసులో కొత్త చదువు.

ఐరోపాలో దీని పేరు హోల్బైన్ కుట్టు. 1536 ప్రాంతంలో ఇంగ్లండు రాణి జేన్ సీమోర్ చిత్రం గీస్తూ హాన్స్ హోల్బైన్ ఆమె చేతుల అంచు మీది ఆ దారపు పనిని ఎంతో శ్రద్ధగా దించాడు. దాదాపు ఆ రోజుల్లోనే, అచ్యుతదేవరాయలు (1529-1542) ఏలుతుండగా, గుర్రంకొండకు నేరుగా పడమట లేపాక్షిలో స్తంభాల మీద తీగలు చెక్కారు, కప్పు మీది బొమ్మల్లో చీరలకు అంచులు దిద్దారు. కుట్టుకు హోల్బైన్ పేరొచ్చింది, చీరల డిజైన్లకు లేపాక్షి పేరొచ్చింది. ఆ అంచులను మొదట లెక్కపెట్టిన చేతుల పేరు దేనికీ రాలేదు. ఇదీ సందే. కానీ రాకడ కోసం వదిలింది కాదు, తిరిగొచ్చి చూసినవాళ్లు లేక మిగిలిపోయింది. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

అవ్వకు ఈ అంచు వాళ్ల అత్త నేర్పింది. గళ్ల కాగితం మీద దాన్ని దించుకుని, కింద అవ్వ పేరూ వాళ్ల అత్త పేరూ రాశాను. అంచుకు పేరెందుకని అవ్వ సిగ్గుపడింది. రేపు నా దగ్గర ఏ పిల్ల నేర్చుకున్నా ఆ కాగితం పేర్లతో సహా ఇస్తాను.