ఫొటో తీసినవాళ్లదా, దిగినవాళ్లదా?

ఫొటో గురించి మన తెలుగులో మూడు మాటలున్నాయి. కెమెరా పట్టుకున్నవాళ్లు ఫొటో "తీస్తారు". కెమెరా ముందు నిలబడ్డవాళ్లు ఫొటో "దిగుతారు". ఎవరో తీస్తుంటే అటుగా వెళ్తున్నవాళ్లు ఫొటోలో "పడతారు". తీసేవాళ్లకి తాము ఏం చేస్తున్నారో తెలుసు. దిగేవాళ్లకీ తెలుసు, అందుకే జుట్టు సర్దుకుంటారు, చీర కుచ్చిళ్లు సరిచేసుకుంటారు. పడినవాళ్లకి మాత్రం ఏమీ తెలియదు. తమ ముఖం ఎవరి దగ్గరికి చేరుతుందో, చూసినవాళ్లు ఏమనుకుంటారో వాళ్ల చేతిలో ఉండదు.

పెళ్లి ఫొటోలతో పేచీ లేదు. అక్కడ అందరూ దిగడానికే వస్తారు. రోజువారీ బతుకును ఫొటో తీసేటప్పుడే పేచీ వస్తుంది. గడ్డి కోసే మనిషిని, వల బాగుచేసుకునే మనిషిని చూసి మనం "అలాగే ఉండండి, సహజంగా బావుంది" అంటాం. ఆ మనిషేమో "కాస్త ఆగండి, మంచి చొక్కా వేసుకొస్తాను" అంటాడు. ఇద్దరిలో ఎవరి మాట చెల్లాలి? నా ప్రశ్న ఇదే.

ఈ ప్రశ్న నాకు ఒక దూరపు దీవి నుంచి వచ్చింది. మా అక్క డిగ్రీలో ఇంగ్లీషు సాహిత్యం చదువుతోంది. వాళ్లకి 'రైడర్స్ టు ది సీ' అనే చిన్న నాటకం పాఠంగా ఉంది. రాసినాయన పేరు జాన్ మిల్లింగ్టన్ సింగ్. పేరు విని పంజాబీ అనుకోకండి, ఆయన ఐర్లండు రచయిత. కథ దీవిలో జరుగుతుంది, మనవి కూడా లంకలున్న ఊళ్లే కాబట్టి అక్క నాకు కథంతా చెప్పింది. ఆ తరువాత ఆయనే రాసిన 'ది అరన్ ఐలండ్స్' అనే పుస్తకం సంగతీ చెప్పింది.

అరన్ దీవులు మూడు. ఐర్లండు పడమటి తీరాన, గాల్వే అనే ఊరికి ఎదురుగా సముద్రంలో ఉంటాయి. ఎటు చూసినా సున్నపురాయే. సాగుకి మట్టి కూడా లేక, ఇసుకనీ సముద్రపు నాచునీ మోసుకొచ్చి రాళ్ల మీద పరిచి, అలా తయారుచేసుకున్న నేలలో బంగాళాదుంపలు పండించుకునేవారు. పొయ్యిలోకి కావలసింది కూడా పడవల మీద అవతలి ఒడ్డు నుంచే రావాలి. సన్నని చెక్కల చట్రానికి గుడ్డ బిగించి, తారు పూసిన తేలిక పడవల్లో సముద్రం మీదికి పోయేవారు. ఇంట్లో వడికిన ఉన్ని బట్టలు కట్టేవారు. సింగ్ 1898 నుంచి 1902 వరకు ఐదుసార్లు అక్కడికి వెళ్లి, వాళ్ల ఇళ్లలో ఉండి, వాళ్ల ఐరిష్ భాష నేర్చుకున్నాడు. వెంట ఒక చేతి కెమెరా ఉండేది. ఫొటోలు తీయడం ఆయన వృత్తి కాదు, సరదా. దీవిలో మామూలు రోజులు ఎలా గడుస్తాయో అదే తీశాడు.

నడిమి దీవి పేరు ఇనిష్‌మాన్. అక్కడ ఆయనకి స్నేహితుడైన ఒక యువకుడున్నాడు. అతణ్ణి ఫొటో తీసేటప్పుడు ఇద్దరికీ దాదాపు గొడవ అయినంత పనైంది. అతను గాల్వేలో కొనుక్కున్న ఆదివారం బట్టలతో దిగుతానన్నాడు. సింగ్‌కి మాత్రం ఇంట్లో నేసిన ఉన్ని బట్టలే కావాలి. అవే అతనికి అందం అని ఆయన నమ్మకం. ఆ యువకుడికి అవి నచ్చవు, ఎందుకంటే అవి తనని దీవిలోని పాతకాలపు బతుకుతో ముడివేస్తున్నట్టు ఉంటాయి. ఈ సంగతి సింగే దాచకుండా తన పుస్తకంలో రాసుకున్నాడు.

ఈ గొడవలో ఎవరిది న్యాయం? ముందు సింగ్ వైపు నుంచి ఆలోచిద్దాం. దుకాణంలో కొన్న కోటు గాల్వేలోనూ అదే, ఇంకో ఊళ్లోనూ అదే. దాన్ని చూసి దీవి గురించి ఏమీ తెలియదు. ఇంటి ఉన్ని బట్టలో ఆ దీవి గొర్రెలూ ఉన్నాయి, వడికిన ఆడవాళ్ల చేతులూ ఉన్నాయి. పండగ ఎలాగూ గుర్తుంటుంది, మరిచిపోయేది మామూలు రోజునే. మామూలు రోజును ఎవరూ పట్టించుకోకపోతే అది పోయాక ఆనవాలు కూడా మిగలదు. ఆయన ఫొటోలు 1971లో పుస్తకంగా వచ్చాయి, అప్పటికి ఆయన పోయి 60 ఏళ్లు దాటింది. ఇవాళ ఆ దీవుల పాత బతుకు చూడాలన్నవాళ్లకి అవి ఎంత విలువైనవో వేరే చెప్పాలా?

ఇప్పుడు ఆ యువకుడి వైపు నుంచి. అతను వస్తువు కాదు, ఫలానా దీవి మనిషి ఇలా ఉంటాడని చూపించే బొమ్మ కాదు. ఆ కోటు అతను కష్టపడి కొనుక్కున్నది. తన భవిష్యత్తు ఎలా ఉండాలనుకుంటున్నాడో అందులో ఉంది. ఉన్ని బట్టలు అందంగా ఉన్నాయని అంటున్నాయన ఇవాళో రేపో పడవెక్కి వెళ్లిపోతాడు. ఆ బట్టల్లో చలికాలమంతా గడిపేది ఇతను. మనకి అందంగా కనిపించేది అవతలివాళ్లకి బరువు అయి ఉండొచ్చు.

నేను ముందు సింగ్ పక్షమే. ఆలోచించేకొద్దీ ఆ యువకుడి మాట కూడా కాదనలేకపోయాను. అదే సమయంలో ఇదే పేచీ మా ఇంట్లో వచ్చింది.

మా అమ్మమ్మ పుట్టిల్లు గౌతమీ గోదావరి మధ్యలో ఒక లంక. ఆ ఇంటి స్థలం ఇప్పుడు లేదు, ఏటేటా ఒడ్డు కోసుకుపోయి గోదారిలో కలిసిపోయింది. మిగిలినవి ఫొటోలు మాత్రమే. అమ్మమ్మ తమ్ముడు, అంటే మా చిన్న తాతయ్య, కాకినాడలో ఉద్యోగం చేసేటప్పుడు ఎవరి దగ్గరో పాత ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా కొన్నారట. దాంట్లో ఒక ఫిల్ము చుట్టకి వచ్చేది 12 ఫొటోలే. తప్పు పడితే చెరిపేసి మళ్లీ తీసే వీలు లేదు. చుట్ట అయ్యాక కాకినాడ స్టూడియోలో కడిగించి, ప్రింటు ప్రింటుకీ డబ్బు కట్టాలి. 1986 ఆగస్టులో పెద్ద గోదారి వచ్చిందే, దానికి రెండేళ్ల ముందు ఆయన ఆ కెమెరాతో లంకకి వెళ్లి ఒక చుట్ట తీశారు.

అందులో మొదటి మూడు ఫొటోల్లో అందరూ తలలు దువ్వుకుని, పడవ ముందు బిగుసుకుపోయి నిలబడ్డారు. మిగతా తొమ్మిదీ వేరు. బోర్లించిన పడవకి తారు పూస్తున్న ముసలాయన. ఏటికి అడ్డంగా ఈదుతున్న గేదెలు, తలలు మాత్రమే పైకి. పాలక్యాన్లు ఎక్కించుకుంటున్న పడవ. ఒక ఫొటోలో మా అమ్మమ్మ, గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని మోకాలి లోతు నీళ్లలోంచి పడవ వైపు వస్తోంది. చీర తడిసి కాళ్లకి చుట్టుకుంది, ముఖం చిట్లించుకుని ఉంది. ఇంకో ఫొటోలో బిందె అంచు మీద ఎవరిదో చెయ్యి, అంతే. చివరిది వెలుతురు తగిలి సగం తెల్లబోయింది.

మా బడిలో పాత ఫొటోల ప్రదర్శన పెడుతున్నారు. తెలుగు మాస్టారు "పెళ్లి ఫొటోలు అందరి దగ్గరా ఉంటాయి, పనిపాటల ఫొటోలుంటే తెండి" అన్నారు. గడ్డిమోపు ఫొటో ఇస్తే బావుంటుందని నేను అడిగాను. అమ్మమ్మ ఒప్పుకోలేదు.

"ఆ తడికోకతోటా నన్ను గోడకి తగిలిత్తారేటే?" అంది.

"పని చేసుకుంటున్నావు కదా అమ్మమ్మా, అందులో సిగ్గేముంది?" అన్నాను.

"పని సేత్తే సిగ్గేటే? ఎవరు సూత్తన్నారో తెలీకపోటం సిగ్గు" అంది.

ఈ జవాబు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. అప్పటిదాకా నేను దీన్ని బట్టల గొడవ అనుకున్నాను. మంచి బట్టా, మామూలు బట్టా అన్నది పైకి కనిపించేదే. అసలు సంగతి చూసేవాళ్లెవరన్నది. తమ్ముడు తీస్తుంటే అమ్మమ్మకి అభ్యంతరం లేదు, ఆ ఫొటో ఇన్నేళ్లూ ఇంట్లో ఉంటే అభ్యంతరం లేదు. మనవరాలు చూస్తే నవ్వుతూ కథలు చెప్పింది. ముక్కూ మొహం తెలియని వాళ్లు వచ్చి, "పాపం ఎంత కష్టమో" అని తల ఊపి వెళ్లిపోవడమే ఆవిడకి ఇష్టం లేదు.

అరన్ దీవుల్లో కూడా ఇలాంటిదే జరిగింది. సింగ్ తాను తీసిన ఫొటోలు తరువాత వచ్చినప్పుడు వెంట తెచ్చి దీవిలో వాళ్లకి చూపించాడు. వాళ్లు ఎంతో సంబరంగా చూసి, అందులో ఉన్న ప్రతి మనిషినీ పోల్చుకున్నారట, చెయ్యో కాలో మాత్రమే కనిపిస్తున్నవాళ్లని కూడా! ఇది అక్క చెప్పినప్పుడు నాకు మా బిందె ఫొటో గుర్తొచ్చింది. ఆ చెయ్యి ఎవరిదో ఇంట్లో ఎవరికీ తెలియదు. అమ్మమ్మ ఒక్క క్షణం చూసి, "ఆ గాజులు మా వదినయ్యి" అంది. పక్కవాళ్ల మీద పడినవాళ్లని కూడా ఇలా పేరు పెట్టి పిలవగలిగేవాళ్ల మధ్య ఉన్నంతసేపు ఫొటోకి ఏ ప్రమాదమూ లేదు. వాళ్లకది ఉత్త చెయ్యి కాదు, వదిన చెయ్యి. మనలాంటి బయటివాళ్ల దగ్గరికి వచ్చేసరికి అదే ఫొటో "లంకలో ఒక స్త్రీ" అయిపోతుంది.

చూసేవాళ్ల ఇష్టమే పూర్తిగా గెలిస్తే ఏమవుతుందో కూడా ఆ దీవుల్లోనే తెలిసింది. 1934లో రాబర్ట్ ఫ్లాహర్టీ అనే దర్శకుడు 'మ్యాన్ ఆఫ్ అరన్' అనే సినిమా తీశాడు. నిజ జీవితం తీస్తున్నానంటూ, అక్కడివాళ్లు ఎప్పుడో మానేసిన పెద్ద సొరచేపల వేటని వాళ్లకి మళ్లీ నేర్పించి మరీ వాళ్ల చేత చేయించాడు. తెర మీద తండ్రీ తల్లీ కొడుకుగా కనిపించే ముగ్గురూ నిజానికి ఒక కుటుంబం కాదు. సినిమా గొప్పగా ఉందని పేరొచ్చింది. కానీ అది దీవివాళ్ల రోజువారీ బతుకు కాదు, బయటివాళ్లు చూడాలనుకున్న బతుకు. సింగ్ స్నేహితుడితో వాదించాడు, కానీ ఆ వాదన కూడా రాసిపెట్టాడు. ఆదివారం బట్టలు కావాలన్న ఆ యువకుడి మాట మనదాకా వచ్చింది అందువల్లనే. సినిమాలో అలాంటి మాటకి చోటే లేదు.

అయితే అవతలివాళ్లు వద్దంటారని మామూలు బతుకును ఫొటో తీయడమే మానేయాలా? మానకూడదనే నా అభిప్రాయం. చిన్న తాతయ్య అలా మానేసి ఉంటే మాకు లంక లేదు. ఆయన ఏం చేశారో అమ్మమ్మనే అడిగాను. "ముందు మేం సెప్పినట్టు తీశాడు. ఆపైన, ఇహ మీ పని మీరు చూసుకోండి, నేను తీత్తా అన్నాడు" అంది. ఉన్నవే 12 ఫొటోలు. అందులో మూడు వాళ్ల ఇష్టానికి ఖర్చుపెట్టి, అప్పుడు మిగతావి తన ఇష్టానికి తీసుకున్నారు. కడిగించిన ప్రింట్లు ముందు లంకకే తీసుకెళ్లి చూపించారు. ఎవరూ ఫొటోలో ఊరికే "పడలేదు", అందరూ "దిగారు".

నాకు ఇదే న్యాయంగా కనిపిస్తోంది. ముందు వాళ్ల ఫొటో, తరువాత మన ఫొటో. తీశాక మొదట చూడవలసింది అందులో ఉన్నవాళ్లే. బయటివాళ్లకి చూపించాలంటే మళ్లీ అడగాలి, ఎందుకంటే తీయడానికి ఒప్పుకోవడం వేరు, చూపించడానికి ఒప్పుకోవడం వేరు. ఇప్పుడు ఫోనులో 12 కాదు, వందలు తీయొచ్చు. ఒకటి అవతలివాళ్ల ఇష్టానికి తీస్తే మనకి పోయేదేమీ లేదు. అయినా పడవ దాటుతూ, ఒడ్డున బట్టలుతికేవాళ్లని అడగకుండా తీసేసి, పడవ దిగేలోపే పదిమందికి పంపించేస్తున్నాం. ఫిల్ము రోజుల్లో ఆలోచించుకోవడానికి కనీసం కడిగించే దాకా వ్యవధి ఉండేది.

ప్రదర్శనకి ఏది ఇవ్వాలో చివరికి అమ్మమ్మే ఎంచింది. పడవకి తారు పూస్తున్న ముసలాయన ఫొటో. ఆయన ఆవిడ తండ్రి. "మా నాన్న పడవ సూసుకున్నట్టు మమ్మల్ని కూడా సూసుకోలేదు, అది నలుగురూ సూడాల్సిందే" అంది. ఫొటో కింద ఆయన పేరు రాయమంది, రాశాం. గడ్డిమోపు ఫొటో ఇంట్లోనే ఉంది, దాని గురించి పత్రికలో రాసుకోమని మాత్రం ఒప్పుకుంది.

ఈ పత్రిక చదివే మీ అందరి ఇళ్లలోనూ అట్టపెట్టెలో, ట్రంకుపెట్టెలో ఇలాంటి ఫొటోలు ఉండే ఉంటాయి. ఈ సెలవుల్లో వాటిని తీసి పెద్దవాళ్ల ముందు పెట్టండి. వెనకవైపు పెన్సిలుతో పేర్లు రాయండి. ఏది బయట చూపించవచ్చో, ఏది ఇంట్లోనే ఉండాలో కూడా అడగండి. ఒక చెయ్యి చూసి అది ఎవరి చెయ్యో చెప్పగలిగేవాళ్లు ఉండగానే అడగాలి.