గొయ్యి మరిచిన వాస్తు

ముంబై దగ్గరి భివండీలో, టెంఘర్ ప్రాంతంలో ఫ్లాటు బేరానికి వెళ్లిన తెలుగువాళ్లు ముందుగా అడిగేది గుమ్మం ఎటు అని. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడానికి వచ్చిన పద్మశాలీల మనవలు ఇప్పుడు బ్యాంకు లోన్లతో ఇళ్లు కొంటున్నారు. ప్లాను వాట్సాప్‌లో ఊరికి పోతుంది. ఈశాన్యం పెరిగిందో తరిగిందో చూసి పంతులు సరేనంటే బయానా ఇచ్చేస్తారు. ఆ జాగాలో అంతకుముందు ఏముండేదని అడిగేవాళ్లు తక్కువ.

భివండీలో అసలు అడగాల్సింది అదే. ఊరంతా మరమగ్గాలు, సైజింగ్ బాయిలర్లు, అద్దకం యూనిట్లు. ఊరి మురుగునూ రంగునీళ్లనూ మోసే కామ్వారీ నది గట్టి వానలకు ఒడ్డు దాటి బస్తీల్లోకి వస్తుంది. మూతపడ్డ షెడ్డును కూలగొట్టి బిల్డింగు లేపితే పైన కొత్త టైల్సు మెరుస్తాయి. ఏళ్ల తరబడి మట్టిలో ఇంకిన నూనె, రసాయనం మాత్రం ఎవరైనా తవ్వి తీసేదాకా అక్కడే ఉంటాయి.

శాస్త్రమే దిక్కులు చూడమంది కదా అంటారు. నిజమే, కానీ అంతటితో ఆగమనలేదు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో ఇల్లు కట్టే నేలను ముందుగా పరీక్షించమన్నాడు. మూరెడు గొయ్యి తవ్వి అదే మట్టితో పూడ్చాలి. మట్టి మిగిలితే మేలు, చాలకపోతే కీడు. ఇంకో పద్ధతి: గోతి నిండా నీళ్లు పోసి, నూరడుగులు నడిచి తిరిగొచ్చి, నీరు ఎంత తగ్గిందో చూడాలి. మట్టి రంగు, వాసన, రుచి కూడా చూడమన్నాడు. నేల వదులుగా ఉందో గట్టిగా ఉందో కొంతవరకైనా పట్టించే తనిఖీ ఇది. మనం దిక్కులు ఉంచుకుని గొయ్యి వదిలేశాం. దిక్కు చూస్తే పోయేదేమీ లేదు, గొయ్యి తవ్వితే బేరం చెడొచ్చు!

మరి తెలియక కొన్నవాడికి దోషం అంటుతుందా? ధర్మశాస్త్రాలు తెలిసి చేసిన తప్పునూ తెలియక చేసినదాన్నీ విడదీశాయి. తెలియనిదానికి ప్రాయశ్చిత్తం తేలిక. మిళిందపన్హ అనే బౌద్ధ గ్రంథంలో నాగసేనుడనే భిక్షువు దీన్ని తిరగేశాడు. ఎర్రగా కాలిన ఇనుప గుండును తెలిసి పట్టుకునేవాడికంటే తెలియక పట్టుకున్నవాడి చెయ్యే ఎక్కువ కాలుతుందన్నాడు.

కొచ్చి దగ్గరి మరడులో నాగసేనుడి మాటే నిజమైంది. తీరప్రాంత నిబంధనలకు విరుద్ధంగా కట్టిన నాలుగు అపార్ట్‌మెంట్ సముదాయాలను తొలగించాలని సుప్రీంకోర్టు 2019 మే 8న తీర్పిచ్చింది. 2020 జనవరి 11, 12 తేదీల్లో వాటిని పేల్చేశారు. మాకేం తెలియదని మొత్తుకున్నవాళ్ల ఇళ్లు కూడా ఆ దుమ్ములోనే కలిశాయి. కోర్టు ఒక్కో యజమానికి 25 లక్షలు మధ్యంతర పరిహారంగా ఇప్పించింది. ఇల్లు మాత్రం నిలవలేదు.

పెట్టుబడి కోసం కొనేవాడి దగ్గరికొచ్చేసరికి నాగసేనుడి లెక్క కూడా తప్పుతుంది. అతను గుండును చేతిలో ఉంచుకోడు. ధర పెరగ్గానే అమ్మేస్తాడు, లేదా కిరాయికిస్తాడు. కాలేది ఇంకొకరి చెయ్యి. భివండీ పటేల్ కాంపౌండ్‌లో జిలానీ బిల్డింగు 2020 సెప్టెంబరు 21 తెల్లవారుజామున కూలినప్పుడు 40 మంది దాకా నిద్రలోనే శిథిలాల కింద పడి చనిపోయారు. మరమగ్గాల మీద బతికే కుటుంబాలు ఆ బిల్డింగులో చాలా ఉండేవి. అది ప్రమాదకరమైన బిల్డింగని ముందే నోటీసులిచ్చామని కార్పొరేషన్ చెప్పింది. అంటే విషయం కాగితం మీద ఉంది. బాంబే హైకోర్టు ఆ కేసును తనంతట తానే చేపట్టింది.

మన దేశంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షన్, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం తనకు తెలిస్తే అమ్మేవాడు చెప్పి తీరాలంటుంది. కనిపెట్టగలిగిన లోపం సంగతి కొనేవాడే చూసుకోవాలి. అమెరికా ఇంకాస్త ముందుకు వెళ్లింది. నయాగరా ఫాల్స్ పట్టణంలో లవ్ కెనాల్ అనే చోట రసాయనాల గుంటను పూడ్చిన నేల మీద బడీ, చుట్టూ ఇళ్లూ వెలిశాయి. 1978లో అక్కడ ఎమర్జెన్సీ ప్రకటించాల్సి వచ్చింది. తర్వాత వచ్చిన సూపర్‌ఫండ్ చట్టం, 1986 సవరణతో, కొనకముందే తగిన విచారణ చేశానని చూపించినవాడినే నిర్దోషిగా ఒప్పుకుంటుంది. ఈ చట్టం మన వాస్తు పండితుల కంటే వరాహమిహిరుడికే దగ్గర. అడిగితే తెలిసే సంగతిని అడక్కుండా కొన్నవాడు తెలిసి చేసినవాడి కిందే లెక్క.

టెంఘర్‌లో కొనేవాళ్లు మహాభూలేఖ్ సైట్లో సాత్‌బారా అనే భూమి రికార్డును ఉచితంగా చూడొచ్చు. ప్రాజెక్టు వివరాలు మహారేరా సైట్లో ఉంటాయి. జాగా నది వరద హద్దు చూపే నీలిగీత లోపల ఉందేమో కార్పొరేషన్‌లో అడగండి. ఆ షెడ్డులో సాంచాలు నడిపిన పెద్దమనిషి పక్క చాళ్లోనే ఉండొచ్చు, ముహూర్తం పెట్టుకునే ముందు ఆయనతో ఒకసారి మాట్లాడండి.