తెలిసియు తెలియదనుట



జవాబు తెలియనివాడు తెలియదని చెప్పుటలో సిగ్గు లేదు. తెలిసినవాడు తెలియదని చెప్పుట మాత్రము దేవుని యెదుట భారమైన సంగతి. ఈ మాసము దానిని గూర్చి మనము ధ్యానించుదము.

1956వ సంవత్సరమున అమెరికా దేశములో ఎన్.బి.సి. టెలివిజన్ సంస్థలో ‘ట్వెంటీ వన్’ అను ప్రశ్నల పోటీ జరుగుచుండెను. ఇద్దరు పోటీదారులను వేరువేరు అద్దాల గదులలో నిలువబెట్టి, ఒకరి జవాబు ఒకరికి వినబడకుండ చేసి ప్రశ్నలడుగుదురు. ప్రశ్న కష్టమును బట్టి ఒకటి మొదలు పదకొండు వరకు పాయింట్లు వచ్చును. 21 చేరుటయే గురి. ఇద్దరును సమానముగా నిలిచిన యెడల మరల ఆడవలెను. అట్లు ఆడిన ప్రతిసారి పందెపు సొమ్ము పెరుగును. గెలిచినవాడు మరుసటి వారము తిరిగి వచ్చి, క్రొత్తవానితో పోటీపడును.

హెర్బర్ట్ స్టెంపెల్ అను సామాన్య విద్యార్థి అట్లు వారము వెంబడి వారము గెలిచి తిరిగి వచ్చుచుండెను. నవంబరు నెలాఖరున అతనికి ఎదురుగా చార్లెస్ వాన్ డోరెన్ నిలిచెను. ఇతడు కొలంబియా విశ్వవిద్యాలయములో ఆంగ్లము బోధించువాడు, పేరుపొందిన కవి కుమారుడు. ఇద్దరును మాటిమాటికి సమానముగా నిలుచుచుండగా దేశమంతయు ఊపిరి బిగబట్టి చూచెను.

డిసెంబరు 5వ తేదీన స్టెంపెల్‌ను ఒక ప్రశ్న అడిగిరి: 1955వ సంవత్సరమునకు ఉత్తమ చలనచిత్రముగా ఆస్కార్ బహుమతి పొందినది ఏది? జవాబు ‘మార్టీ’. అతడు ఆ చిత్రమును మూడు మారులు చూచినవాడు. అయినను అతడు వేరొక చిత్రము పేరు చెప్పెను. ఆ రాత్రియే ఓడిపోయెను.

ఎందుకు? పోటీ నడిపించువారు ముందుగానే అతనికి అట్లు ఆజ్ఞాపించిరి. ఇద్దరికిని జవాబులు ముందే అందినవి. చెమట ఎట్లు తుడుచుకొనవలెనో అదియు నేర్పిరి. జనులు నిజమైన పోరాటమని నమ్మినది కట్టిన నాటకమే.

ఇది చదివినప్పుడు మనకు ప్రధాన యాజకుని ముంగిటనున్న చలిమంట జ్ఞాపకమునకు వచ్చును. అక్కడ పేతురును అడిగిన ప్రశ్న కష్టమైనది కాదు. ఆ మనుష్యుని నీవెరుగుదువా అని మాత్రమే. పేతురు ఎరుగనివాడా? ఆయనతో పడవలో ప్రయాణము చేసినవాడు, ఆయన చేతి రొట్టె తిన్నవాడు. అయినను ఎరుగనని మూడు మారులు చెప్పెను (లూకా 22). స్టెంపెల్ సొమ్ము కొరకు చెప్పెను, పేతురు భయముచేత చెప్పెను. మనము దేని కొరకు చెప్పుచున్నాము?

మన ఊళ్లలో ఈ పోటీ దినదినము జరుగుచున్నది. విధవరాలి పొలము గట్టును పొరుగువాడు రాత్రివేళ జరిపెను. మనము చూచితిమి. తెల్లవారి పెద్దలు పిలిచి అడిగినప్పుడు, “మాకేమి తెలియదయ్యా” అందుము. అప్పు ఇచ్చినవాడు అతడే, పనికి పిలుచువాడు అతడే. గనుక నోరు రాదు. చూచిన సాక్షి తెలియజేయనియెడల ఆ దోషము వాని మీదనే యుండునని లేవీయకాండము 5వ అధ్యాయము మొదటి వచనము బోధించుచున్నది. అబద్ధమాడలేదు, ఊరకుంటిమి అని మనము తప్పించుకొనజాలము.

వాన్ డోరెన్ సంగతి ఏమాయెను? 1957 మార్చి వరకు గెలిచి అతడు 1,29,000 డాలర్లు సంపాదించెను. పత్రికలు పొగడెను. తరువాత విచారణ వచ్చినప్పుడు అతడు మొదట అబద్ధము చెప్పెను. అంతలో వేరొక పోటీదారుడు, చిత్రకారుడు, తనకు ముందుగా అందిన జవాబులను వ్రాసి రిజిష్టరు తపాలాలో తనకే పంపుకొనిన ఉత్తరములు బయటపడెను. పోటీకి ముందు మూసిన కవరు విచారణకర్తల యెదుట తెరవబడెను. మరుగైనదేదియు బయలుపడక మానదని ప్రభువు చెప్పిన సంగతి (లూకా 12) అక్కడ కన్నులార కనబడెను.

1959 నవంబరు 2న వాన్ డోరెన్ అమెరికా చట్టసభ ఉపసంఘము యెదుట నిలిచి, తాను మోసములో పాలుపొందితినని ఒప్పుకొనెను. ఉద్యోగము పోయెను, పేరు పోయెను. 1960లో అట్టి మోసమును నేరముగా చేయుచు అక్కడ చట్టము వచ్చెను.

ఒప్పుకొనుటకు వెల యున్నది, ప్రియులారా. దానిని మేము దాచము. గట్టు సంగతి చెప్పినవానికి మరునాడు కూలి దొరకకపోవచ్చును. గనుక అట్టివానిని ఒంటరిగా విడువక, అతని యింట పొయ్యి వెలుగునట్లు చూచుట సంఘమునకు చెందిన పని.

పేతురు కథ చలిమంట యొద్ద ముగియలేదు. తిబెరియ సముద్రతీరమున మరియొక నిప్పు రాజుకొని యుండెను. ప్రభువు అతనిని మరల మూడు ప్రశ్నలు అడిగెను (యోహాను 21). ఆయన గద్దింపలేదు; ప్రేమించుచున్నావా అని అడిగెను. పేతురుకు ఎవరును జవాబు అందింపలేదు. నా హృదయము నీకే తెలియునని కన్నీటి మనస్సుతో చెప్పెను. అతిక్రమములను ఒప్పుకొని విడిచిపెట్టువారు కనికరము పొందుదురని సామెతలు 28వ అధ్యాయము మనకు వాగ్దానము చేయుచున్నది.

ఈ మాసము మనలో ప్రతివాడును, ఎక్కడ తెలిసియు తెలియదంటినని తన్ను తాను పరీక్షించుకొనునుగాక. ఆలస్యమైనను వెళ్లి నిజము చెప్పుదము. ప్రభువు మనకందరికిని అట్టి ధైర్యము ననుగ్రహించునుగాక. ఆమేన్.