గూటిలోని పుస్తకము



సభలకు వెళ్లినప్పుడు పుస్తకముల బల్ల యొద్ద నిలువని విశ్వాసి అరుదు. అట్ట చూచి, పేరు చదివి, వెల అడిగి, ఒకటి కొని యింటికి తెచ్చుకొందుము. ఆ వారము నాలుగు పుటలు తిరుగవేయుదుము. తరువాత అది గోడగూటికి చేరును. మరుసటి యేట మరియొకటి కొందుము. ఈ దినములలో కొందరు చేతి ఫోనులోను పుస్తకములను ఇట్లే పోగుచేయుచున్నారు. మంచి పుస్తకములే గదా, ఇందులో తప్పేమి అని మీరు అడుగవచ్చును.

తప్పు కొనుటలో లేదు. కొన్నంతనే చదివినట్లు మనస్సు తృప్తిపడుటలో ఉన్నది. గాదెలోని విత్తనము పురుగుపట్టుచుండగా సంతలో మరల విత్తనము కొను రైతును చూచి ఊరు నవ్వును. క్షమాపణను గూర్చిన పుస్తకము పెట్టెలో ఉండగానే, గట్టు తగవు వలన అన్నదమ్ములు మాటలు మానిన యిండ్లు లేవా? కొనుటకు డబ్బు చాలును. చదువుటకు మన సమయమును, మన హృదయమును ఇయ్యవలెను.

రాజుల రెండవ గ్రంథము 22వ అధ్యాయము చూడుడి. యోషీయా యేలుబడి 18వ సంవత్సరమున మందిరమును బాగుచేయు కాలములో ప్రధాన యాజకుడైన హిల్కీయాకు ధర్మశాస్త్ర గ్రంథము దొరకెను. అది ఎక్కడనో పరదేశములో దొరకలేదు. యాజకులు తిరుగాడు మందిరములోనే మరుగున పడియుండెను. షాఫాను దానిని చదివి వినిపింపగా రాజు దుఃఖముతో తన వస్త్రములు చింపుకొనెను. క్రొత్త గ్రంథము కావలెనని ఆయన కోరలేదు. ఉన్న గ్రంథమే పిన్న పెద్దలందరు వినునట్లు చదువబడెను. దేశములో విగ్రహములు కూలెను.

పౌలు అపొస్తలుడు చెరలో మరణమునకు ఎదురుచూచుచు తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో ఏమి అడిగెను? త్రోయలో కర్పు నొద్ద తాను విడిచివచ్చిన అంగీని, పుస్తకములను తెమ్మనెను. చలికి పాత అంగీ, ఆత్మకు పాత పుస్తకములు ఆయనకు చాలెను.

పాత్రలకు మాట్లువేసి బ్రదికిన జాన్ బన్యన్ సంగతి వినుడి. అతనికి పెండ్లియైనప్పుడు ఇంట పాత్రసామగ్రి సహితము లేదు. భార్య తన తండ్రి విడిచిపోయిన రెండు భక్తి పుస్తకములను మాత్రము తెచ్చెను. ఆ రెంటిని అతడు ఆమెతో కూడ చదివెను. ఆ చదువు అతనిని ఒక్క దినమున మార్చలేదు గాని, భక్తి కావలెనను ఆశ పుట్టించెను. అతడు వ్రాసిన యాత్రికుని ప్రయాణము 1678లో అచ్చయి, మన తెలుగువారి యిండ్లకు కూడ వచ్చినది.

ఇంకొక సంగతి ఆలోచింపుడి. మన సంఘములలో అక్షరము రాని తల్లులు, చూపు తగ్గిన పెద్దలు ఉన్నారు. మీ గూటిలోని పుస్తకము మూసియున్నంత కాలము వారికిని అది మూసియే యున్నది. చదువు వచ్చినవాడు చదువకుండుట తనకొక్కనికే నష్టము కాదు. పొరుగువాని వంతును దాచిపెట్టుట యగును.

పుస్తకములు అచ్చువేయువారి పత్రికయే కొనవద్దనుట వింత గదా అందురేమో. కొనవద్దని చెప్పుట లేదు. పుస్తకములమ్ము సహోదరుని వట్టిచేతులతో పంపుమనియు చెప్పుట లేదు. చదివి ముగించినవాడే మరల ఆకలితో కొనును. చెదలకు మేతగా కొనుట ముద్రించినవారికి సహితము సంతోషము కాదు.

కాబట్టి ఈ మాసము ఇట్లు చేయుడి. గూటిలోనివన్నియు దించి దుమ్ము దులుపుడి. మీకు అక్కరలేనిది అక్కరయున్న వానికి ఇయ్యుడి. మిగిలినవాటిలో ఒక్కటి ఎంచుకొని దినమునకు రెండు పుటలు, దీపము పెట్టిన తరువాత, ఇంటివారు వినునట్లు చదువుడి. నెలకు 60 పుటలగును. చదివినదానిలో ఒక్క మాటయైనను చేసి చూడుడి. అది ముగిసిన పిమ్మట రెండవది తీయుడి. గూడు ఖాళీయైన దినమున సంతోషముగా క్రొత్తది కొనుడి.

మీరు ఎదురుచూచుచున్న ఆదరణ, మీకు కావలసిన గద్దింపు, ఇదివరకే మీ యింటికి వచ్చి గూటిలో కనిపెట్టుకొని యుండవచ్చును. దానిని తెరచుటకు ప్రభువు మీకు మనస్సు నిచ్చును గాక.