ఇవ్వని మాట

కెర్నెల్ అన్న ఇంగ్లీషు మాటకి మన భాషలో అర్థం పప్పు. బాదంకాయ పగలగొడితే లోపల దొరికేది, వేరుశెనక్కాయ ఒలిస్తే చేతికొచ్చేది. కంప్యూటర్ల వాళ్ళు ఆ మాటని తీసుకెళ్ళి ఆపరేటింగ్ సిస్టమ్ మధ్యలో కూర్చునే అసలు ప్రోగ్రాముకి పేరుగా పెట్టుకున్నారు. కందిపప్పుకి బదులు పెసరపప్పు వేస్తే అది ముద్దపప్పు అవుతుందా, కాదా అని విస్తరి ముందు కూర్చుని వాదించుకునే జాతి మనది. కాబట్టి పప్పు మార్చడం గురించి నాలుగు మాటలు రాస్తే మీరు విసుక్కోరనే ధైర్యంతో మొదలుపెడుతున్నాను.

కంప్యూటర్ల పరిచయం లేనివారికి రెండు ముక్కలు. మనం తెర మీద చూసే ప్రోగ్రాములేవీ తిన్నగా డిస్కు మీద చెయ్యి వెయ్యలేవు, మెమొరీని తమకి తాము పంచుకోలేవు. ఏం కావాలన్నా కెర్నెల్ని అడగాలి. బ్యాంకులో గుమాస్తా కిటికీ లాంటిదన్నమాట. చీటీ రాసి ఇస్తాం, లోపల ఏం జరుగుతుందో మనకి కనిపించదు, డబ్బు చేతికొస్తుంది. లినక్స్‌లో ఇలాంటి చీటీలు మూడువందల పైచిలుకు రకాలున్నాయి. వాటిని సిస్టమ్ కాల్స్ అంటారు. ఫైలు తెరువు, చదువు, రాయి, మూసెయ్యి, ఇలాగ. కిటికీకి ఇవతల ఉన్న లోకమంతా యూజర్ స్పేస్.

పప్పీ లినక్స్ అని ఒక చిన్న లినక్స్ ఉంది. ఆస్ట్రేలియాకి చెందిన బ్యారీ కౌలర్ 2003లో మొదలుపెట్టి, తన పెంపుడు కుక్కపిల్ల పేరు దానికి పెట్టాడు. కొన్ని వందల మెగాబైట్లలో ఇమిడిపోతుంది. మొత్తం మెమొరీలోకి ఎక్కేసి అక్కడే నడుస్తుంది. అందుకని ఎవరూ పట్టించుకోని పాత యంత్రాల్లో కూడా హుషారుగా పరిగెడుతుంది. దీని కాపురం అంతా నాలుగైదు ఫైళ్ళు. కెర్నెల్ ఒక ఫైలు, ఆ కెర్నెల్‌కి సరిపడే డ్రైవర్లు మరో ఫైలు, ప్రోగ్రాములన్నీ ఇంకో ఫైలు, మనం దాచుకున్నవీ దిద్దుకున్నవీ వేరే ఫైలు. కెర్నెల్ మార్చాలంటే మొదటి రెండూ తీసి కొత్తవి పెడితే చాలు. రెండూ కలిపే మార్చాలి సుమా! ఒక కెర్నెల్ డ్రైవర్లు ఇంకో కెర్నెల్‌తో కాపురం చెయ్యవు. పాత ఫైళ్ళని పారెయ్యకుండా పేరు మార్చి పక్కన పెట్టుకోవడం ఈ పనిలో మొదటి పాఠం.

తెనాలిలో మా బాబాయి దగ్గర 1 జీబీ మెమొరీ ఉన్న చిట్టి ల్యాప్‌టాప్ ఒకటుంది. 32 బిట్ల ఆటమ్ ప్రాసెసరు. 2014లో విండోస్ ఎక్స్‌పీకి కాలం చెల్లాక అందులో పప్పీ పెట్టాను. బాబాయి దాంట్లో గుడి లెక్కలూ, మా వంశవృక్షమూ తెలుగులో టైపు చేసుకుంటాడు. నేను కిందటిసారి వెళ్ళినప్పుడు ఆయన కొనుక్కున్న కొత్త వైఫై ముక్కని పాత కెర్నెల్ గుర్తుపట్టలేదు. కొత్త కెర్నెల్ పెట్టాను. అరగంట పని. బాబాయి పక్కనే కుర్చీ వేసుకుని చూస్తూ, "ఏరా అబ్బాయ్, గుండెకాయే మార్చేశానంటున్నావు. మరి ఇది నా కంప్యూటరేనా?" అన్నాడు. అంటూనే గుడి లెక్కల ఫైలు తెరిచాడు. తెరుచుకుంది. తెలుగులో ఒక వాక్యం కొట్టి చూశాడు. పడింది. "అయితే నాదే," అని తేల్చేసి కాఫీకి లేచాడు.

నాకు మాత్రం ఆ ప్రశ్న అంత తొందరగా తేలలేదు.

ఇది కొత్త ప్రశ్నేం కాదు. థీసియస్ ఓడని ఏథెన్సు వాళ్ళు చెక్క పుచ్చినప్పుడల్లా మార్చుకుంటూ వచ్చారనీ, అది పాత ఓడా కాదా అని తత్వవేత్తలు కొట్టుకున్నారనీ ప్లూటార్క్ రాశాడు. నాగసేనుడు మిళింద మహారాజుకి రథాన్ని చూపించి, చక్రాలు రథమా, ఇరుసు రథమా అని ఒక్కొక్కటే అడిగి, రథం అన్నది ఒక పేరు మాత్రమే అన్నాడు. మనకి చందమామ చదివిన రోజుల నుంచీ తెలిసిన భేతాళుడి ప్రశ్న ఇంకా చిక్కుది. మొగుడి తలా అన్న తలా తెగిపడ్డాయి. అమ్మవారు వరమిస్తే, ఆ పిల్ల కంగారులో ఒకరి తల ఇంకొకరి మొండానికి అతికించేసింది. ఇప్పుడు మొగుడెవరు? తల ఎవరిదైతే వాడే అన్నాడు విక్రమార్కుడు. అన్ని అవయవాల్లోకీ తల ముఖ్యం కదా!

కెర్నెల్ తలలాంటిదనుకుంటే విక్రమార్కుడి తీర్పు ప్రకారం బాబాయి కంప్యూటరు వేరేదైపోవాలి. కానీ వినాయకుడి సంగతో? తల మారింది, పార్వతికి కొడుకు మారలేదు. పైగా విఘ్నేశ్వరుడంటే మనకి గుర్తొచ్చేది మార్చి పెట్టిన ఆ తలే.

మా వృత్తిలోనే రెండు సాక్ష్యాలున్నాయి. డెబియన్ అనే పెద్ద లినక్స్ వాళ్ళు లినక్స్ కెర్నెల్ని తీసేసి, దాని స్థానంలో ఫ్రీబీఎస్‌డీ కెర్నెల్ పెట్టి, 2011లో డెబియన్ 6తో పాటు ప్రయోగంగా విడుదల చేశారు. అవే ఆజ్ఞలు, అవే ప్యాకేజీలు. ముందు కూర్చున్నవాడికి అది డెబియనే. పనిచేసేవాళ్ళు కరువై 2023లో ఆ ప్రయత్నం మూతపడింది గానీ, అది నడిచిన రోజుల్లో దాన్ని డెబియన్ కాదన్నవాళ్ళు లేరు. రెండో సాక్ష్యం మీ జేబులో ఉండే ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోనులో ఉన్నది లినక్స్ కెర్నెలే. అయినా బాబాయి ల్యాప్‌టాపూ, ఆయన ఫోనూ ఒకటేనని ఎవరూ అనరు. పప్పు మారినా పేరు నిలుస్తుంది, పప్పు ఒకటే అయినా మనిషి వేరవుతాడు. అంటే మనం వెతుకుతున్నది పప్పులో లేదు.

మరెక్కడుంది? బాబాయి వెతికిన చోటే ఉందని నాకిప్పుడు అనిపిస్తోంది. ఆయన ఆ పెట్టెని రెండు ప్రశ్నలడిగాడు. నేను దాచుకున్నది ఉందా? నేను అడిగితే ఎప్పటిలాగే పలుకుతావా? మొదటిది జ్ఞాపకం, రెండోది నమ్మకం.

ఈ రెండోదాని గురించి లినక్స్ వాళ్ళకి ఒక కట్టుబాటుంది. 1991లో హెల్సింకీలో విద్యార్థిగా లినక్స్ మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ దాన్ని దశాబ్దాలుగా పట్టుబట్టి కాపాడుతున్నాడు. యూజర్ స్పేస్‌ని విరగ్గొట్టకూడదు. అంటే, పాత కెర్నెల్ మీద నడిచిన ప్రోగ్రాము కొత్త కెర్నెల్ మీద కూడా నడవాలి. నడవకపోతే తప్పు కెర్నెల్‌దే, ప్రోగ్రాముది కాదు. ఇందులో విశేషం ఏమిటంటే, ఆ ప్రోగ్రాము రాసినవాడు నియమాల ప్రకారమే రాశాడా అని అడగరు. కెర్నెల్‌లో ఉన్న ఒక వంకర మీద ఆధారపడి రాసుకున్నా సరే, దాని మీద పదిమంది బతుకుతుంటే ఆ వంకర కూడా మాట ఇచ్చినట్టే. కాగితం మీద ఏముందన్నది కాదు లెక్క, అవతలివాడు దేన్ని నమ్ముకుని ఇల్లు కట్టుకున్నాడన్నది లెక్క.

అదే కెర్నెల్ లోపలి సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. లోపలి భాగాల మధ్య ఏ ఒప్పందమూ శాశ్వతం కాదు. రేపు పొద్దున్న ఏదైనా మార్చెయ్యచ్చు. డ్రైవర్లని కెర్నెల్‌తో పాటే మార్చాల్సి రావడానికి కారణం ఇదే. కిటికీ అవతల ఎంత స్వేచ్ఛో, కిటికీ దగ్గర అంత కట్టుబాటు. ఆ కట్టుబాటు ఉంది కాబట్టే లోపల అంత స్వేచ్ఛ.

ఈ నియమాన్ని మనుషుల మధ్యకి తీసుకొస్తే ఏమవుతుందన్నది నా అసలు ప్రశ్న. నేను మాట ఇవ్వలేదు. అయినా ఒకరు నన్ను నమ్ముకుని తమ రోజుని కట్టుకున్నారు. నేను వాళ్ళకి బాకీ ఉన్నానా?

దేశం వదిలి వచ్చిన మనందరం కెర్నెల్ మార్చుకున్నవాళ్ళమే. కొందరం పాస్‌పోర్టు మార్చుకున్నాం. భారతదేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కాబట్టి ఒకటి వదులుకుని మరీ మార్చుకున్నాం. కలలు ఏ భాషలో వస్తున్నాయో కూడా చెప్పలేని స్థితికొచ్చాం. "మీరు ఇంకా తెలుగువాళ్ళేనా?" అని అక్కడివాళ్ళూ, మన పిల్లలూ కూడా అడుగుతుంటారు. దానికి జవాబుగా మనం లోపలి సరుకు చూపించబోతాం. చూడండి, ఆవకాయ తింటున్నాం, పద్యాలు పాడుతున్నాం అని. అడిగినవాళ్ళకి కావలసింది బహుశా అది కాదు. అడిగితే ఎప్పటిలాగే పలుకుతావా అన్నదే.

మా ఇంటి సంగతే చెబుతాను. శనివారం రాత్రి తొమ్మిదింటికి అమ్మకి ఫోను చేస్తాను. అక్కడ ఆదివారం పొద్దున్న, వేసవిలో ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. ఇక్కడ గడియారాలు ఎప్పుడు ముందుకీ వెనక్కీ జరుపుతారో తెనాలిలో ఉన్న మా అమ్మకి నాకన్నా బాగా తెలుసు. ఇన్నేళ్ళలో ఈ టైముకి చేస్తానని నేనెప్పుడూ అనలేదు, చెయ్యమని ఆవిడా అడగలేదు. ఒకసారి ఆరు నెలల పాటు శనివారం రాత్రుళ్ళు క్లయింటు సర్వర్ల మార్పులు చేసే ప్రాజెక్టు నాకొచ్చింది. టైము మారిస్తే ఎలా ఉంటుందమ్మా అని ముందుగా అడిగాను. "దానికేం నాన్నా, నీకు వీలైనప్పుడు చెయ్యి," అంది. ఆ తరవాత పిన్ని కూతురు మాటల మధ్యలో చెప్పింది. ఆదివారం నా ఫోను అయ్యాకే అమ్మ టిఫిను తింటుంది, ఆ తరవాతే గుడికి వెళ్తుంది, పక్కింటి ఆవిడ ఆ లెక్క ప్రకారమే వచ్చి ఆవిడతో కలిసి బయల్దేరుతుంది.

చూశారా, ఇవ్వని మాట మీద ఎన్ని ప్రోగ్రాములు నడుస్తున్నాయో!

ఈ సంగతి ఒక మిత్రుడితో అంటే ఆయన గట్టిగానే అడ్డుపడ్డాడు. "ప్రతి ఆధారపడటమూ బాకీ అయితే మనిషికి ఊపిరాడదు. ఒకడికి రెండుసార్లు డబ్బు పంపిస్తే మూడోసారి హక్కంటాడు. అడక్కుండా ఎక్కి కూర్చున్నవాడిని జీవితాంతం మొయ్యాలా?" ఆ మాటలో నిజం ఉంది. లినక్స్ కూడా అన్నీ శాశ్వతంగా మొయ్యదు. టోర్వాల్డ్స్ తన మొదటి కెర్నెల్ రాసింది ఇంటెల్ 386 మీద. ఆ 386 ప్రాసెసర్లకి ఊతం 2012 డిసెంబరులో తీసేశారు. తల్లి లాంటి యంత్రాన్నే వదిలేశారు. కానీ ఎలా వదిలారో చూడండి. ఇరవై ఏళ్ళు మోశారు, దాన్ని మొయ్యడం మిగతా అందరికీ భారమయ్యాక వదిలారు, పాత కెర్నెళ్ళు కావలసినవాళ్ళకి అందుబాటులోనే ఉంచారు. అలాగే భద్రతకి చిల్లు పడుతుంటే, ఆ చిల్లుని ఎవరు వాడుకుంటున్నా పూడ్చేస్తారు.

కాబట్టి నా మిత్రుడికి నేను చెప్పగలిగింది ఇంతే. ఆధారపడటం చేత పుట్టిన బాకీ తీరనిది కాదు, కానీ ఉందన్నది నిజం. హాని చేసేదైతే ఆపచ్చు. భారం మొయ్యలేనిదైతే దించచ్చు. దించేముందు చెప్పాలి, వ్యవధి ఇవ్వాలి, అవతలివాడు నిలబడటానికి ఇంకేదైనా ఉందో లేదో చూడాలి. "నేనెప్పుడూ మాట ఇవ్వలేదే!" అన్నది మాత్రం సమాధానం కాదు. అది కోర్టులో చెల్లుతుందేమో గానీ వరండాలో చెల్లదు. నా మటుకు నేను ఆ ఆరు నెలలూ సర్వర్లు మళ్ళీ లేచేదాకా ఖాళీగా ఉండే పది నిమిషాల్లో అదే తొమ్మిదింటికి చిన్న ఫోను చేశాను. పెద్ద కబుర్లు మర్నాటికి మార్చుకున్నాం. లోపల ఏం మారిందో కిటికీ దగ్గర తెలియనివ్వలేదు.

ఇక్కడ ఒక తేడా ఉంది, అదే నన్ను కలవరపెట్టేది. లినక్స్ కట్టుబాటు ఎలా అమలవుతుందంటే, విరిగినవాడు అరుస్తాడు. ఫలానా కెర్నెల్ పెట్టాక నా ప్రోగ్రాము చచ్చిపోయిందని రాస్తాడు, నలుగురూ చూస్తారు, సరిచేస్తారు. అరుపు లేకపోతే విరగనట్టే లెక్క. మన పెద్దవాళ్ళు అరవరు. "దానికేం నాన్నా" అంటారు. టిఫిను ఎప్పుడు తిన్నదీ చెప్పరు. కంప్యూటరు తెర మీద కనిపించే ఎర్ర అక్షరాలు అమ్మ గొంతులో ఉండవు. అందుకని యంత్రాలకి సరిపోయిన నియమం మనుషులకి సగమే సరిపోతుంది. మిగతా సగం మనమే వెళ్ళి చూసుకోవాలి. నన్ను నమ్ముకుని ఎవరెవరు ఏమేం కట్టుకున్నారో వాళ్ళు చెప్పకముందే కనుక్కోవడం, నాకు తెలిసినంతలో, దూరాన ఉన్నవాడి మొదటి ధర్మం.

ఇంకో మాట కూడా చెప్పాలి. మనలో ఎవరమూ ఉత్త కెర్నెల్ కాము. అమ్మ రోజు నా ఫోను మీద నిలబడిందని ఇంతసేపూ చెప్పాను గానీ, నా వారం దేని మీద నిలబడింది? అవతల రెండో రింగుకి ఎవరో ఎత్తుతారన్న నమ్మకం మీద. ఎత్తుతానని ఆవిడ కూడా నాకెప్పుడూ మాట ఇవ్వలేదు.