కావాలంటే రాసిస్తాను

ఆ మాత్రలు నేను వేసుకోలేదు. వేసుకోకపోయినా నాబోటివాడికి పెద్ద నష్టం లేదని ఏడాది తిరిగేలోగా ఒక పెద్ద పరీక్ష తేల్చింది. నలుగురిలో ఆ మాట వస్తే "నేనప్పుడే వద్దనుకున్నాను" అంటూ ఉంటాను. ఎదుటివాళ్ళు మెచ్చుకోలుగా తలూపుతారు. ఆ మెప్పుకు నేను తగినవాణ్ణేనా అన్నదే నన్ను తొలిచే సంగతి. వద్దనుకున్ననాటికి ఆ పరీక్ష ఫలితం నాకే కాదు, ఎవరికీ తెలియదు. మరేం చూసుకుని వద్దన్నాను?

2022 జనవరి. ఒమిక్రాన్ మంచి ఊపు మీదుంది. తమిళనాడంతా రాత్రి కర్ఫ్యూ, ఆదివారాలు లాక్‌డౌన్, పొంగల్‌కు గుళ్ళు మూత. మాది హోసూరు, సగం ఊరు సరిహద్దులోని జూజువాడి చెక్‌పోస్టు దాటి బెంగళూరుకు పోయి వస్తూ ఉంటుంది. అక్కడ పెరిగింది ఇక్కడికి చేరడానికి సాయంత్రం షిఫ్టు బస్సు చాలు. నాకు గొంతు మంట, ఒళ్ళు నొప్పులు, ఓ మోస్తరు జ్వరం. పరీక్ష చేయిస్తే కోవిడ్ పాజిటివ్. వేలికి తగిలించుకున్న మిషన్ మాత్రం ఆక్సిజన్ బాగానే ఉందంటోంది. యాభై దాటిన వయసు, రెండు డోసుల కోవిషీల్డ్, ఉందా లేదా అన్నట్టుండే చక్కెర. మా డాక్టరమ్మ ఫోన్‌లో అన్నీ విని, "మీకు పెద్దగా అక్కర్లేదు. కొత్తగా ఒక యాంటీవైరల్ వచ్చింది. కావాలంటే రాసిస్తాను" అన్నారు.

వద్దంటే ఊరుకునేవాణ్ణి. వేసుకోండంటే వేసుకునేవాణ్ణి. ఆమె తలుపు తెరిచి పక్కకు తప్పుకున్నారు. ఆలోచించి చెప్తానని ఫోన్ పెట్టేశాను.

ఆ మందు మోల్నుపిరావిర్. 2021 డిసెంబరు 28న మన దేశంలో అత్యవసర వాడకానికి అనుమతి వచ్చింది. పదమూడు కంపెనీలు తయారీకి దిగాయి. పూటకు నాలుగు గుళికలు, రోజుకు రెండు పూటలు, అయిదు రోజులు. మొత్తం నలభై. హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ పెట్టిన ధర గుళిక 35 రూపాయలు, అంటే కోర్సు 1,400. అనుమతిలో ఒక షరతు ఉంది: జబ్బు ముదిరే ముప్పు ఎక్కువగా ఉన్న పెద్దవాళ్ళకే ఇవ్వాలి. వారం గడిచిందో లేదో, భారత వైద్య పరిశోధన మండలి పెద్ద బలరాం భార్గవ దీంతో పెద్ద ప్రమాదాలున్నాయని, జాతీయ చికిత్సా పద్ధతిలో చేర్చలేదని బాహాటంగా చెప్పారు. వైరస్ తనను తాను నకలు తీసుకునేటప్పుడు తప్పులు దొర్లించడమే ఈ మందు చేసే పని. ఆ తప్పులు మన కణాల్లోకీ వస్తాయేమో, కడుపులో బిడ్డకు కీడు జరుగుతుందేమో అన్నది భయం. వాడినవాళ్ళు ఆడైనా మగైనా మూడు నెలలు పిల్లలు కలగకుండా చూసుకోవాలన్నారు. ఒకే ప్రభుత్వంలో ఒక చెయ్యి అనుమతిస్తోంది, ఇంకో చెయ్యి వారిస్తోంది. మధ్యలో అంగడివాడు అమ్ముతున్నాడు.

ఇవన్నీ చదివి వద్దనుకున్నానని చెప్పుకోవచ్చు. చదివిన మాట నిజమే. కానీ మూడు నెలల జాగ్రత్త మా ఇంట్లో ఎవరికీ పట్టని విషయం. మా వయసుకు ఆ భయం వర్తించదు. నాకు వర్తించే ప్రశ్న ఒకటే: ముప్పు ఎక్కువున్నవాళ్ళలో నేనున్నానా?

ఇక్కడే నా గుట్టు దొరుకుతుంది. 2021 మార్చి 1న అరవై దాటినవాళ్ళకూ, నలభై అయిదు దాటి జబ్బులున్నవాళ్ళకూ టీకా మొదలైంది. అప్పుడు నా చక్కెర నాకు ఎంత పెద్ద జబ్బుగా కనబడిందో! రిపోర్టు పట్టుకుని తిరిగాను, ఈ మాత్రం చక్కెరకు సర్టిఫికెట్ రాదని చెప్పి పంపారు. ఏప్రిల్ 1న నలభై అయిదు దాటిన అందరికీ తెరిచేదాకా ఆగాల్సి వచ్చింది. పది నెలలు తిరగకుండానే, మాత్ర దగ్గరికి వచ్చేసరికి అదే చక్కెర "అబ్బే, గట్టు మీద ఉంది, అంతే" అయిపోయింది. రక్తం మారలేదు, రిపోర్టు మారలేదు. టీకా వరుసలో ముందుండడానికి నాకు జబ్బు కావలసి వచ్చింది. మాత్రల మాట వచ్చినప్పుడు ఆరోగ్యవంతుణ్ణని అనిపించుకోవలసి వచ్చింది. లెక్క చూసి తేల్చుకున్నానంటే ఎవరు నమ్ముతారు?

ఇంకాస్త లోపలికి పోతే మా మేనమామ ఉన్నాడు. 2021 మేలో, డెల్టా రోజుల్లో, ఆయనకు జ్వరం వచ్చిన మొదటి రోజే ఫావిపిరావిర్ మొదలుపెట్టారు. 200 మిల్లీగ్రాముల మాత్రలు, ఉదయం తొమ్మిది, రాత్రి తొమ్మిది. ఆ పద్దెనిమిదీ లెక్కపెట్టి పళ్ళెంలో పెట్టినవాణ్ణి నేను. తర్వాత పూటకు నాలుగు. జపాన్‌లో ఫ్లూ కోసం పుట్టిన మందు అది. మన దేశంలో 2020 జూన్‌లో మాత్ర 103 రూపాయలకు అంగట్లోకి వచ్చింది, నెల తర్వాత 75కు దిగింది. 150 మంది మీద ఇక్కడే చేసిన పరీక్షలో, వైరస్ పోవడానికి పట్టే రోజుల్లో గట్టిగా నిలబడే తేడా కనబడలేదు. అది మాకెవరు చెప్పాలి? చెప్పినా వినేవాళ్ళమా? చెన్నైలో కీల్పాక్ వైద్య కళాశాల ముందు రెమ్‌డెసివిర్ కోసం జనం రాత్రీ పగలూ నిలబడిన కాలం అది.

మామ పోయాడు. ఆ చావు నుంచి మా ఇంట్లో తలా ఒక పాఠం తీసుకున్నారు. మందు ఇంకా ముందే మొదలుపెట్టాల్సిందని ఆయన పిల్లలు, బెంగళూరు తీసుకుపోవాల్సిందని మా ఆవిడ అనుకున్నారు. మాత్రలు నమ్ముకుని మోసపోయామన్నది నాకు దక్కిన పాఠం. ఈ మూడింట్లో దేనికీ రుజువు లేదు. కానీ డాక్టరమ్మ "కావాలంటే" అన్నప్పుడు నా కళ్ళ ముందు కదిలింది మోల్నుపిరావిర్ గుణదోషాలు కాదు, ఆ పళ్ళెం. వేరే మందు మీద కోపాన్ని దీని మీద తీర్చుకున్నాను.

వీటన్నిటికన్నా ఒప్పుకోవడానికి మొహమాటపడేది ఇంకొకటుంది, గర్వం. 2020 ఏప్రిల్ చివర కేంద్రం కేసులను బట్టి జిల్లాలకు రంగులు పూసినప్పుడు, తమిళనాడు 37 జిల్లాల్లో పచ్చగా మిగిలింది మా కృష్ణగిరి ఒక్కటే. మేమేదో సాధించినట్టు చుట్టాలకు ఫోన్లు చేశాం. ఆ పచ్చ ఎన్నాళ్ళో నిలవలేదనుకోండి. తర్వాత కబసుర కుడినీరు అనే సిద్ధ కషాయం వీధి వీధికీ వచ్చింది, తాగాం. కృష్ణపట్నం ఆనందయ్య మందు కోసం మా వీధిలోంచి నెల్లూరు జిల్లాకు బండి కట్టుకుపోయినవాళ్ళు ఉన్నారు. ఆవిరి, మిరియాల కషాయం, జింకు మాత్రలు. జ్వరం మాత్ర డోలో 650 సంగతి చెప్పనే అక్కర్లేదు. దాన్ని చేసే మైక్రో ల్యాబ్స్‌కు మా సిప్కాట్ పారిశ్రామికవాడలోనే ఒక ఫ్యాక్టరీ ఉంది కాబట్టి మావాళ్ళు దాన్ని సొంత ఊరి సరుకులా చప్పరించారు. ఈ హడావుడినంతా అరుగు మీద కూర్చుని వెక్కిరించినవాణ్ణి నేను. పత్రికలు చదివేవాడు, కంగారు పడనివాడు అని వీధిలో నాకో పేరు. రెండు గీతలు రాగానే 1,400 పోసి మాత్రలు తెచ్చుకుంటే ఆ పేరు ఏం గాను? మాత్రలు వద్దనడంలో నా ఒంటి క్షేమం కన్నా నా పేరు క్షేమమే ఎక్కువగా పనిచేసింది.

అదే వారం శూళగిరి దగ్గర ఊళ్ళో మా తమ్ముడికీ జ్వరం. వాడిది గులాబీ తోట, పాలీహౌస్. హోసూరు చుట్టుపక్కల గులాబీ పెంచేవాళ్ళకు ఏడాదంతా ఒకెత్తు, ఫిబ్రవరి 14 ఒకెత్తు. జనవరిలో తోట వదిలి పడుకునే వీలుండదు. వాడు మోల్నుపిరావిర్ మొదలుపెట్టేశాడు.

"ఎందుకురా? నీకు ముప్పేముంది?" అన్నాను ఫోన్‌లో.

"ముప్పు గిప్పు నాకు తెలవదన్నా. ఫిబ్రవరికి పువ్వు పోవల్ల. నేను పండుకుంటే కూలోళ్ళను ఎవరు చూసేది? రెండు దినాలు ముందు లేస్తే చాలు, మాత్రల దుడ్డు మాత్రలకొచ్చె."

వాడికి అరగంటసేపు పాఠం చెప్పాను. ఆసుపత్రి పాలయ్యేవాళ్ళను 30 శాతం తగ్గిస్తుందన్న లెక్క టీకా వేసుకోనివాళ్ళ మీద చేసిందనీ, అందులోనూ నూటికి పదిమంది దాకా ఆసుపత్రికి పోయేచోట ఏడుగురు పోయారనీ, మన తేడా అంతకన్నా తక్కువే ఉంటుందనీ. వాడు విన్నాడు. విని, రాత్రి గుళికలు వేసుకున్నాడు.

ఇద్దరికీ తగ్గిపోయింది. వాడు తోటకు పోయాడు, నేను ఫ్యాక్టరీకి పోయాను. మందు పనిచేసిందని వాడంటాడు, మందు లేకుండానే తగ్గిందని నేనంటాను. వాడు వేసుకోకుండా ఉంటే ఏమయ్యేదో, నేను వేసుకుని ఉంటే ఏమయ్యేదో చూపించే రెండో జనవరి ఎవరి దగ్గరా లేదు. ఒక్క మనిషి కథతో ఇది తేలదు. వేలమందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మందిచ్చి, రెండో గుంపుకు ఇవ్వకుండా చూడాలి.

బ్రిటన్‌లో అదే చేశారు. పానొరామిక్ అని పేరు, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపింది. యాభై దాటినవాళ్ళు, అంతకన్నా చిన్నవాళ్ళయితే ఏదో జబ్బున్నవాళ్ళు, పాతికవేల మందికి పైగా. ఫలితం 2022 డిసెంబరులో లాన్సెట్‌లో వచ్చింది. ఆసుపత్రిలో చేరడం గానీ చావు గానీ రెండు గుంపుల్లోనూ నూటికి ఒకరే. ఆ విషయంలో మోల్నుపిరావిర్ ఏ తేడా తేలేదు. అది చదివిన పూట కాలర్ ఎగరేశాను. తర్వాతి పేరా చదివాక దించుకున్నాను. మందు వేసుకున్నవాళ్ళు సుమారు నాలుగు రోజుల ముందే కోలుకున్నట్టు చెప్పారట.

అంటే మా తమ్ముడు ఏ ఆశతో వేసుకున్నాడో, ఆ పరీక్షలో కనబడిన ఒక్క లాభం అదే. నేను వాడికి అరగంట చెప్పిన ఆసుపత్రి లెక్క వాడు అడగనే లేదు. లేవాలి, తోటకు పోవాలి, అంతే వాడి ప్రశ్న. ఆ ప్రశ్నకు మందు దగ్గర ఎంతో కొంత జవాబుంది. అందులోనూ మెలిక ఉందనుకోండి. ఆ పరీక్షలో ఎవరు మందు వేసుకుంటున్నారో వాళ్ళకు తెలుసు. ఉత్తుత్తి మాత్రలు లేవు. మందు పడిందన్న ధైర్యమే మనిషిని ముందు లేపుతుందేమో. ఈ మెలిక వాడికి చెప్తే, "ధైర్యంతో లేచినా లేచినట్టే కదన్నా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ పరీక్షలో ఎక్కువమంది మూడు డోసులు వేసుకున్నవాళ్ళు, నావి రెండే. కాబట్టి ఆ పరీక్ష నన్ను గెలిపించిందన్నది కూడా పూర్తి నిజం కాదు. అటుపైన యూరప్ మందుల సంస్థ నిపుణులు ఆ మందుకు అనుమతి ఇవ్వొద్దన్నారు, 2023లో కంపెనీయే అక్కడ దరఖాస్తు వెనక్కి తీసుకుంది. ఇవన్నీ నా పక్షాన నిలిచే సాక్ష్యాలే. కానీ ఆలస్యంగా వచ్చిన సాక్షులు.

మేమిద్దరం ఇలా వాదించుకుంటున్నన్నాళ్ళూ తమ్ముడి ఇంట్లో లోపలి గదిలో అమ్మ ఉంది. డెబ్బై దాటిన మనిషి, బీపీ, చక్కెర. అదృష్టం బాగుండి ఆమెకు సోకలేదు. 2021 ఆగస్టు 5న ముఖ్యమంత్రి స్టాలిన్ 'మక్కళై తేడి మరుత్తువం' పథకాన్ని మొదలుపెట్టింది మా శూళగిరి పక్కనే, సామనపల్లిలో. బీపీ మాత్రలూ చక్కెర మాత్రలూ ఇంటి గుమ్మానికే తెచ్చిచ్చే పథకం. ఆ మాత్రలు తెచ్చే ఆవిడతో అమ్మ పిల్లల సంబంధాల దాకా మాట్లాడుతుంది. ముప్పు ఎక్కువున్న మనిషి అన్నమాటకు మా ఇంట్లో అసలైన అర్థం అమ్మే. వేసుకోవాలా వద్దా అని మేమిద్దరం మా కోసం తలలు బద్దలు కొట్టుకున్నామే గానీ, ఆమెకు వస్తే ఏం చేయాలన్నది ఇద్దరికీ తట్టలేదు.

ఆమెలాంటివాళ్ళకు పనికొచ్చే మందు వేరే ఉంది. నిర్మట్రెల్విర్, రిటోనవిర్ కలిపిచ్చేది, ఫైజర్ వాళ్ళ పాక్స్‌లోవిడ్. టీకా వేసుకోని, ముప్పున్నవాళ్ళలో ఆసుపత్రినీ చావునీ దాదాపు 89 శాతం తగ్గించింది. ముప్పు ఎక్కువున్నవాళ్ళకు జబ్బు తేలిగ్గా ఉన్నప్పుడే ఇవ్వమని 2022 ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గట్టిగా చెప్పింది. మన దగ్గర దాన్ని హైదరాబాదు కంపెనీ హెటెరో చేసింది. నాబోటి మామూలు ముప్పువాళ్ళ మీద చేసిన పరీక్షలో మాత్రం లాభం తేలలేదు, 2024లో ఆ ఫలితం అచ్చయింది. కాబట్టి మళ్ళీ వస్తే నాకోసం అడగను. ఆమెకోసం అడుగుతాను.

అడగడానికి ముందే చేయాల్సిన పని ఉందని డాక్టరమ్మ చెప్పారు. రిటోనవిర్ కొన్ని ఇతర మందులను ఒంట్లోంచి తొందరగా పోనివ్వదు. అందుకని అమ్మ మాత్రలన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళాను. కొలెస్టరాల్‌కు వేసుకునే అటోర్వాస్టాటిన్ ఆ అయిదు రోజులూ ఆపాల్సి రావచ్చనీ, బీపీకి వేసుకునే అమ్లోడిపిన్ మోతాదు చూసుకోవాలనీ వాటి పక్కన గీత గీశారు. జబ్బు లక్షణాలు మొదలైన అయిదు రోజుల్లోపే మందు పడాలి. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో తెలిస్తేనే మోతాదు తేలుతుంది, క్రియాటినిన్ పరీక్ష ముందే చేయించి ఉంచమన్నారు.

ఊరికి పోయి అమ్మకు ఇదంతా చెప్పాను.

"జరమే రాలేదు, అప్పుడే మాత్రల లెక్కేందిరా? మీ ఇద్దరికీ పని లేదా?" అంది.

పరీక్షకు మాత్రం ఒప్పుకుంది. చక్కెర పరీక్షతో కలిపి చేయిస్తేనేనట, రెండుసార్లు సూది పొడిపించుకోదట.